అక్కర్లేనివన్నీ ఆపేసిన శనివారం

పటమట, విజయవాడ
ఆదివారం

చిరంజీవి తులసికి, మనోజ్ఞకి రేణుక దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. మీ అన్నయ్యగారు పొద్దున బట్టల కొట్టుకి వెళితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. అక్కడ నువ్వూ, పాపా, మీ నాన్నగారూ కులాసా అని తలుస్తాను. అలవాటు కొద్దీ మొదట కాగితం మీద చి.ల.సౌ. అని రాసేశాను తులసీ. పొద్దస్తమానం పెళ్ళికార్డులు టైపు చేసే చెయ్యి కదా, ఎవరికి రాస్తున్నానో చూసుకోలేదు. ఆ కాగితం చింపేసి ఇంకోటి తీసుకున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్లో ఈ మాటలు అడగలేను, అందుకే రాస్తున్నానన్నావు. మంచి పని చేశావు. నేను చెప్పాల్సింది కూడా ఫోన్లో చెప్పగలిగేది కాదు.

మనోజ్ఞ తాతగారి మగ్గం గుంటలో దూరి బొమ్మలాడుకుంటోందని చదివి నవ్వాను. మా నాన్న నేస్తున్నప్పుడు శంకర్ కూడా అంతే, ఆయన కాళ్ళ దగ్గర ముడుచుకుని నిద్రపోయేవాడు. అమ్మ వాడి కాళ్ళు పట్టి బయటికి లాగేది. పాపకి జ్వరం తగ్గిందా లేదా నువ్వు రాయలేదు. ఈసారి రాయి.

ఇక నువ్వడిగిన సంగతి. శంకర్ ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి పావుగంట పడుతోందనీ, మీ నాన్నగారు నేసిన చీరల ఫోటోలు కొనేవాళ్ళకి పంపాలంటే ప్రాణం మీదికి వస్తోందనీ, నా పాత డబ్బాతో నేనెలా నెట్టుకొస్తున్నాననీ అడిగావు. కొత్తది కొనమని అందరూ నాకూ చెప్పినవాళ్ళే. నా తెలుగు టైపు ప్రోగ్రాం కొత్త వాటిలో పనిచెయ్యదు, అది లేకపోతే నాకు కూడు లేదు. అందుకని దీన్నే బతిమాలి బామాలి నడిపిస్తున్నాను.

చూడమ్మా, కంప్యూటర్ వేసిన దగ్గర్నుంచీ మనకి కనపడకుండా వెనకాల బోలెడు పనులు నడుస్తుంటాయి. సర్వీసులంటారు. మనం ఒక్క ఫోటో తెరుద్దామని కూర్చుంటే, అవి పాతిక ముప్ఫై కలిసి దాని బలమంతా తినేస్తుంటాయి. విండోస్ గుర్తున్న మీటా, ఆర్ అక్షరం మీటా కలిపి నొక్కితే చిన్న గడి వస్తుంది. అందులో services.msc అని కొట్టు, జాబితా తెరుచుకుంటుంది. ఫ్యాక్స్ లాంటివి నీకు ఈ జన్మలో అక్కర్లేదు. అలాంటి దాని మీద రెండుసార్లు నొక్కి, ఆటోమేటిక్ అని ఉన్నచోట మాన్యువల్ అని మార్చు. అప్పుడది అవసరమైతేనే లేస్తుంది. వైరస్‌కి కాపలా కాసేవీ, ఇంటర్నెట్‌వీ మాత్రం ముట్టుకోకు. ఏది మార్చినా ముందు దాని పేరు ఒక కాగితం మీద రాసిపెట్టుకో. పేరు అర్థం కాకపోతే దాని జోలికే పోకు. ఈ ఆఖరి మాట మాత్రం మర్చిపోకు తల్లీ.

నేను అలా చెయ్యలేదు. ఎవరో వీడియోలో చెబితే విని, ఒక శనివారమంతా కూర్చుని, పేరు అర్థం కానివన్నీ డిసేబుల్ చేసి పారేశాను. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, కంప్యూటర్ రయ్యిమని లేచింది. ఆ సాయంత్రమే పెళ్ళివాళ్ళు కార్డు నమూనా కోసం వస్తే ప్రింటర్ ఉలకదు పలకదు. ప్రింట్ స్పూలర్ అనేదాన్ని కూడా ఆపేశానన్నమాట. అది లేకపోతే ప్రింటు రాదని నాకేం తెలుసు? గంటసేపు వెతికి దాన్ని మళ్ళీ ఆన్ చేశాను. ఇంకోదాన్ని కూడా ఆపేశానని మాత్రం ఆ రోజు నాకు తెలియదు.

శంకర్ ఆదివారం మధ్యాహ్నాలు ఇబ్రహీంపట్నంలో మీ క్వార్టర్స్‌లోనే కూర్చుని, తన ల్యాప్‌టాప్‌లోంచి నా కంప్యూటర్‌లోకి వచ్చేవాడు. నీకు తెలుసుగా. ఇక్కడ నేను చెయ్యి వెయ్యకుండానే తెర మీద బాణం కదిలేది. చెత్తంతా తుడిచేసేవాడు. మధ్యలో ఒక ఖాళీ పేజీ తెరిచి, "అక్కా, అన్నం తిన్నావా" అని కొట్టేవాడు. నేను కింద, "తిన్నాన్రా, నువ్వేం తిన్నావు" అని కొట్టేదాన్ని. ఫోనుండగా ఇదేం పిచ్చని మీ అన్నయ్యగారు నవ్వేవారు. వాడలా రావడానికి కూడా ఒక సర్వీసు నడుస్తూ ఉండాలి. నేను ఆపేసిన వాటిలో అదొకటి.

ఆ మర్నాడు ఆదివారం. అదే ఆదివారం తులసీ.

నీ ఉత్తరం చివర్లో నువ్వు అడిగింది చూసి వారం రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. "ఆ రోజు పొద్దున గొడవపడి, పొండి, నా కంటికి కనపడకండి అన్నాను వదినా. మధ్యాహ్నం నేను పాపని పడుకోబెడుతుంటే, ఆయన అరగంటసేపు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నాకూ కన్ను మూతపడింది, లేచేసరికి బండి లేదు. ఎక్కడికి వెళ్తున్నారో మీకేమన్నా తెలుసా?" అన్నావు. సంవత్సరీకానికి రానన్నావు. అత్తయ్యగారి ముందు నిలబడలేనన్నావు.

నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. నా దగ్గరికే వస్తున్నాడు.

అమ్మ లోపల నిద్రపోతోంది. మూడవుతుండగా ఫోన్ చేశాడు. "ఏంటక్కా, నీ కంప్యూటర్ నన్ను లోపలికి రానివ్వట్లా?" అన్నాడు.

"రానివ్వదురా. ఇప్పుడది నా మాటే వింటది. అక్కర్లేనియ్యన్నీ నిన్నే పీకేశా" అన్నాను.

పకపకా నవ్వాడు. "నన్ను కూడా పీకేశావన్నమాట! సరే, నే చెప్తా, ఆ జాబితా తెరువు. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని తులసీ. జాబితా నా ఎదురుగానే తెరిచి ఉంది. చెప్పరా అంటే సరిపోయేది.

"ఫోన్లో చెప్తే నాకెక్కదు. రెణ్ణెల్లయింది నీ మొహం చూసి. నువ్వే వచ్చి చూడు" అన్నాను.

"ఎండ మండిపోతోందక్కా. వచ్చే ఆదివారం వస్తాలే."

"అవున్లే, ఈ అక్కతో నీకేం పని" అన్నాను. నిష్ఠూరమాడాను. వాడికి నా నిష్ఠూరమంటే భయం, చిన్నప్పటి నుంచీ అంతే. "అమ్మా తల్లీ, వస్తున్నా" అన్నాడు.

నువ్వు పొమ్మన్నందుకు వాడు వెళ్ళలేదమ్మా. నేను రమ్మన్నందుకు బయల్దేరాడు. భవానీపురం దగ్గర లారీ గుద్దిందని నాలుగింటికి కబురొచ్చేసరికి, నేనిక్కడ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి వీధిలోకి చూస్తున్నాను.

వాడి ఫోన్ నుగ్గునుగ్గయింది కాబట్టి ఎవరితో మాట్లాడాడో ఎవరికీ తెలియలేదు. తెలియనివ్వకుండా నేనూ ఊరుకున్నాను. పెద్దకర్మ నాడు, "పొద్దున్నే మొగుణ్ణి సాధించి రోడ్డు మీదికి తోలింది" అని అమ్మ అందరి ముందూ నిన్ను అంటున్నప్పుడు, నేను పక్కనే నిలబడి విస్తళ్ళు వేస్తున్నాను. నువ్వు తలొంచుకున్నావు. నోరు తెరిస్తే ఆ మాటలన్నీ నా మీదికి వస్తాయని భయపడ్డాను. తర్వాత చెబుదామనుకున్నాను. నువ్వు పాపనెత్తుకుని పెడన బస్సెక్కావు. ఆ తర్వాత పదకొండు నెలలు గడిచాయి. నా తమ్ముణ్ణి నేను పోగొట్టుకున్నది చాలక, వాడి పెళ్ళాం నెత్తిన నా పాపం పెట్టాను.

వాడు ఫోన్ పెట్టేసే ముందు అన్న మాట కూడా నీకివ్వకుండా దాచుకున్నాను. అది నీది. "పొద్దున తులసి అరిచిందక్కా. మూడు ఆదివారాల నుంచి పుట్టింటికి తీసుకెళ్తానని చెప్పి ఎగ్గొడుతున్నా, అరవదా మరి? తప్పు నాదే. మీ వీధి చివర పునుగులు దానికిష్టం, వచ్చేటప్పుడు కట్టించుకెళ్తా. ఎన్నింటికి మొదలెడతాడు?" అన్నాడు. నాలుగున్నరకన్నాను. "అయితే చల్లారకముందే ఇంటికి చేరాలి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు తులసీ. వాడి గొంతులో కోపం లేదు. ఒట్టు.

ఆ సర్వీసు మళ్ళీ ఆన్ చేసి ఉంచాను. దానివల్ల కంప్యూటర్ కాస్త నిదానిస్తోంది. నిదానిస్తే నిదానించనీ.

అమ్మకి నిన్న చెప్పాను. ముందు నీకే రాద్దామనుకున్నాను గానీ, మళ్ళీ వెనక్కి తగ్గుతానేమోనని ఆవిడకి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా మొహం కూడా చూడకుండా, "పదిమందిలో దాన్నన్నాను కదే. ఆ పదిమందిలోనే చెప్పుకోవాలి. సంవత్సరీకానికి అందర్నీ పిలువు. దాన్ని రమ్మను" అంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. ఇవాళ పొద్దున్నే మాత్రం పాపకి గౌను కుట్టాలి, కొలతలు తెప్పించమని మీ అన్నయ్యగారితో చెప్పింది.

వచ్చే నెల తొమ్మిదో తారీఖు. బస్టాండుకి మీ అన్నయ్యగారు వస్తారు. నేను ఎదురు రాను. పదిమందీ కూర్చున్నాక అమ్మ చెప్పాల్సింది అమ్మ చెబుతుంది, నేను చెప్పాల్సింది నేను చెబుతాను. ఆ తర్వాత వంటింట్లోనే ఉంటాను. నన్ను చూడాలనిపిస్తే పిలువు, వస్తాను. పిలవకపోతే, అదీ నీ తప్పు కాదు.

ఇట్లు,
శంకర్ అక్క
రేణుక