నిండా గీకిన కార్డు

ఎర్రగుంట్ల,
5 ఏప్రిల్ 2009

ప్రియమైన ధనుంజయకు,

మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందని కర్మల రోజుల్లో అడిగావు. అప్పుడు చెప్పలేకపోయాను. ఫోన్లో కూడా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఉదయం కాఫీ అడిగింది. రెండు గుక్కలు తాగి చాలంది. నర్సు విశ్వాసమ్మ తల దువ్వి, "ఈపొద్దు మొగం కళగా ఉండాది తల్లీ" అంది. "అట్లయితే అద్దం తే, నేనూ సూస్తా" అంది మీ అక్క. ఇద్దరూ నవ్వారు. తరువాత డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. ఆయన ఏం చెప్పాడో నీకు తెలుసు. నేను లోపలికి వచ్చేసరికి కళ్లు మూసుకుని ఉంది.

మధ్యాహ్నం ఒకసారి తెరిచింది. "ధనుంజయ ఈ నెల సరుకు తెచ్చినాడా?" అంది.

తెచ్చాడన్నాను.

"కార్డు నిండా తెచ్చినాడా?"

"నిండా తెచ్చాడు."

"అట్లయితే సరే" అంది. ఆ తరువాత మాట్లాడలేదు. ఎండ తగ్గే వేళకు పోయింది.

జరిగింది ఇంతే. దీనికి నేను కలిపింది ఏమీ లేదు.

ఇంటి యజమానురాలు సుబ్బలక్ష్మమ్మగారు మొన్న వచ్చారు. "అమ్మేది ఖాయం సామీ. నువ్వు తీసుకుంటే నీకే. శ్రావణం వచ్చేదాకా సూస్తా, ఆపైన నన్ను తప్పు పట్టగాకు" అన్నారు. ఈ సిమెంటు దుమ్ములో ఇల్లు ఎవరు కొంటారని మీ అక్కతో నేనే అనేవాడిని. ఆమె వినలేదు. అద్దె ఇంట్లోనే వంటగట్టు పగలగొట్టించి, తన ఎత్తుకు తగ్గించి, నల్ల బండ వేయించుకుంది. ఆ గట్టు దగ్గర ఇంకొకరు నిలబడటం నేను చూడలేను. ఫిబ్రవరిలో ఆమె ఉండగానే బ్యాంకులో లోనుకు పెట్టాను. జవాబు రావాలి.

ఆశీస్సులతో,
రాఘవేంద్రప్రసాద్


ఎర్రగుంట్ల,
3 మే 2009

ధనుంజయకు,

లోను ఇవ్వలేమన్నారు. ఎందుకో తెలుసుకోవడానికి కడపకు వెళ్లాను. లోన్లు చూసే ఆఫీసరు పేరు ప్రకాశం. మర్యాదస్తుడే. ముందు నీళ్లు ఇప్పించి, తరువాత చెప్పాడు.

"మీ స్కోరు తక్కువుండాది సార్."

జీవితంలో ఎవరికీ ఒక్క రూపాయి ఎగవేయలేదన్నాను.

"నిజమే సార్. ప్రతి నెలా గడువుకు ముందే కట్టినారు. కానీ మీ క్రెడిట్ కార్డు లిమిట్టు యాభై వేలు. బిల్లు తయారయ్యే నాటికి నెలనెలా నలభై ఏడు, నలభై ఎనిమిది వేలు వాడుంటారు. ఇచ్చినదంతా వాడుకునేవాడు చేతిలో దుడ్లు లేక అల్లాడుతాన్నాడని లెక్క. స్కోరు అందుకే పడిపోయింది."

"తరువాత పూర్తిగా కడుతున్నాం కదా?"

"బిల్లు తయారైన రోజు బాకీ ఎంతుంటే అదే స్కోరు లెక్కేసేవాళ్లకు పోతాది సార్. మీరు కట్టేది దాని తరువాత. అది వాళ్లకు కనపడదు. లిమిట్టులో ముప్పై శాతం దాటకుండా ఉంటే మేలు. మీరు మంచోళ్లే సార్. మిషను సూసేది మంచోళ్లను కాదు."

కార్డే మూసేస్తానన్నాను. వద్దన్నాడు. పాత కార్డు మూస్తే ఉన్న లిమిట్టూ పోతుందట, ఇన్నేళ్లు సరిగ్గా కట్టిన మంచి పేరుకూ దెబ్బేనట. రోత పుట్టి లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి బిల్లులు తీశాను. ఏడాది కింద నీ బట్టల అంగడికి సరుకు కావాలని, నా కార్డు మీద తన పేరున ఇంకొక కార్డు తీయించి నీకు ఇప్పించింది మీ అక్క. సంతకం నేనే పెట్టాను. అప్పటి నుంచి ప్రతి బిల్లూ ఆదోని హోల్‌సేలు కొట్లే. ప్రతి నెలా అంచు దాకా. నీ బేరానికి నా పేరును ఒట్టిపోయేదాకా పిండుకున్నావు.

అంతకంటే నీచమైనది ఏప్రిల్ బిల్లులో ఉంది. కర్మలు ముగిసిన మూడో రోజు నువ్వు ఆదోనికి వెళ్లి సరుకు తెచ్చావు. చచ్చిపోయిన మనిషి పేరున్న కార్డు గీకడానికి చేయి ఎలా వచ్చింది?

నిన్న కార్డువాళ్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సుందరలక్ష్మిగారి వాడకం చాలా బాగుంది సార్, అభినందనలు" అంది. ఆమె చనిపోయిందన్నాను. "ఓకే సార్, ఎప్పుడు చేస్తే దొరుకుతారు?" అంది. ఫోన్ పెట్టేసి చేయి కడుక్కున్నాను.

ఆ అమ్మాయికీ నీకూ తేడా కనపడటం లేదు. చివరి ఊపిరిలో కూడా నీ అంగడి సంగతే అడిగింది మీ అక్క. నా గురించి అడగలేదు. అది నేను దిగమింగుకున్నాను. ఇది మింగలేను.

కార్డు పంపించు. నువ్వు రావద్దు.

రాఘవేంద్రప్రసాద్


ఆలూరు,
12 మే 2009

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. నీ జాబు అంగట్లోనే చదివినా. గిరాకీ ఉంటే లేచి పొమ్మని తలుపులేసుకున్నా. నాకు నీ మాదిరి రాసేది రాదు బావా, మాట్లాడినట్ల రాస్తా.

నాకు ఆ కార్డు అక్కరలేదు. ఆదోనిలో మా నాయన నాగసుబ్బయ్య పేరు చెప్తే ఈపొద్దుకీ మూటలు మూటలు అరువిస్తారు. కార్డు గీకితే నూటికి రెండు రూపాయలు ఎక్కువ పట్టుకుంటారు. ఏడాదిగా ఆ రెండు రూపాయలు నా చేతి నుంచి పెట్టుకుంటాండా. నా పెండ్లాం సుచరిత "ఏమప్పా, ఉత్తగా వచ్చే అరువు ఇడిసిపెట్టి ఈ పిచ్చి బేరమేంది?" అని రోజూ తిడతానే ఉండాది.

ఇదంతా అక్క చేయమనింది. సుబ్బలక్ష్మమ్మ ఇల్లు అమ్ముతాదని తెలిసిన వారానికే ఆలూరికి వచ్చింది. "మీ బావకు ఇచ్చేది తప్ప తీసుకునేది రాదురా. అప్పే చేయనోనికి బ్యాంకులో పేరు యాడ నుంచి వస్తాది? నాయన ఏం చేసినాడు? షావుకారు ఎంతిస్తే అంతా ఎత్తుకున్నాడు, గడువు నాటికి వాని ముందర పెట్టినాడు. సగం ఎత్తుకునేవాన్ని బజార్లో ఎవురూ లెక్కచేయరు. నువ్వు కూడా కార్డు నిండా ఎత్తుకో, గడువుకు ముందే కట్టు. ఏడాదికి మీ బావ పేరు పెరుగుతాది, ఇంటికి లోను ఇస్తారు" అనింది. నీకెందుకు చెప్పలేదంటే నవ్వుతావంట. లోను వచ్చినాక తనే చెప్తాననింది.

ఆసుపత్రిలో చేతిలో చేయి ఏయించుకునింది. లోను వచ్చేదాకా ఒక్క నెల తప్పరాదని, సగం ఇడిసిపెట్టరాదని. కర్మలయినాక ఆదోనికి పోయేటప్పుడు బస్సులో ఎట్ల కూర్చున్నానో నాకే తెలుసు బావా. మాట ఇచ్చినా కదా అని పోయినా.

నిండా తీసుకుంటే పేరు పెరుగుతాదని పుట్టినప్పటి నుంచి సూసినాము. పోతాదని మాకు ఎవురు చెప్పినారు? ఆ ఇల్లు నేనే పాడు చేసినానా?

నీ జాబు రాకముందే ఈ నెల సరుకు కూడా తెచ్చేసినా. దానికి డీడీ తీసి ఇందులో పెట్టినా. కార్డు కత్తిరించి రెండు ముక్కలు పెట్టినా. రావద్దన్నావు కాబట్టి రాను.

నీ బావమరిది,
ధనుంజయ


ఎర్రగుంట్ల,
17 మే 2009

ప్రియమైన ధనుంజయా,

నీ ఉత్తరం, డీడీ, ముక్కలు అందాయి. ముక్కలు కలిపి చూశాను. ఆమె పేరు సరిగ్గా మధ్యకు తెగింది.

మే మూడున రాసిన ఉత్తరం చింపేయి. సుచరిత కంట పడనీయకు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె అడిగింది నీ అంగడి గురించి కాదు. మా ఇంటి గురించి. నిండా తెచ్చాడు అన్నాను, సరే అంది. లోను వస్తుందని నమ్మి పోయింది. ఈ రెండు నెలలు నేను ఆ మాటను అసహ్యించుకుంటూ తిరిగాను. ఇంక దాని గురించి రాయలేను.

మీ నాయన పద్ధతి తప్పని అనను. ఆ షావుకారుకు మనిషి ఎదుటికి వచ్చి డబ్బు ముందర పెట్టడం కనపడేది. ఈ కార్డువాళ్లకు డబ్బు పెట్టకముందు రోజే కనపడుతుంది. ఆ కార్డు మీద నాకున్న రోత అలాగే ఉంది. నీ మీద లేదు.

ప్రకాశంగారితో ఫోన్లో మాట్లాడాను. ఇల్లు పాడు కాలేదు. రెండు నెలలు బిల్లు రోజుకు బాకీ కొంచెమే ఉంటే స్కోరు లేస్తుందట, అప్పుడు మళ్లీ లోనుకు పెట్టమన్నాడు. ఎటూ ఆషాఢంలో రిజిస్ట్రేషన్ చేయనని సుబ్బలక్ష్మమ్మగారు అన్నారు. శ్రావణానికి గడువు ఉంది. ఆమె పేరున్న కార్డు రద్దు చేయమని రాసిచ్చాను. ఆ ఫోన్లు ఇంక రావు.

నువ్వు రా. సుచరితను కూడా తీసుకురా. సుబ్బలక్ష్మమ్మగారితో బేరం ఆడటం నాకు రాదు, నీకు వచ్చు.

ఎల్లుండికి గాని ఈ నెల బిల్లు తయారు కాదు. రేపు ఉదయం మీ అక్క గట్టు ముందు నడుము వంచి కాఫీ కాచుకుని, బ్యాంకు తెరిచే వేళకు వెళ్లి, బిల్లు తయారు కాకముందే బాకీ మొత్తం కట్టేస్తాను.

మీ బావ,
ప్రసాద్