పిల్లి కాటు, ఏడో నెల

4 ఆగస్టు 2002, ఆదివారం. జగ్గయ్యపేట

పిల్లి కరిచింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మా అమ్మ లేదు కాబట్టి పురుడు ఇక్కడే, అత్తగారింట్లోనే. అత్తయ్యగారు పాత నూలు చీరలు ఉతికి, చింపి, పొత్తిగుడ్డలు చేసి వెనక గదిలో రేకు పెట్టెలో పెడుతున్నారు. దాని మూత సరిగ్గా పడదు. పొద్దున్న ఎండ కాసింది కదా, కాసేపు ఆరబెడదామని పెట్టెలో చెయ్యి పెట్టాను. వెచ్చగా, మెత్తగా ఏదో కదిలింది. వీధిలో తిరిగే బూడిదరంగు పిల్లి. నా బిడ్డ గుడ్డల్లో తన పిల్లల్ని పెట్టుకుని పడుకుంది. చెయ్యి లాక్కునేలోపే కుడి మణికట్టు పట్టేసింది.

దాని తప్పేముంది? దాని స్థానంలో నేనున్నా కరిచేదాన్ని.

పైకి చుక్కల్లాంటి రెండు గాట్లు, అంతే. పక్కింటి రజియాబీ సున్నం పెట్టమంది. అత్తయ్యగారు ఆ మాట విననట్టే నన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి బట్టల సబ్బుతో కడిగారు. కడుగుతూనే ఉన్నారు. చాలండీ, మంట అన్నా వదల్లేదు. సున్నం వద్దు, పసుపు వద్దు, కట్టు కూడా వద్దన్నారు. నాకంటే ఆవిడకే ఎక్కువ భయంగా ఉన్నట్టుంది.

ఆయన సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చి చూసి, ఏం కాదులే అన్నారు. TT ఎలాగూ వేయించుకున్నావు, కుక్క ఇంజెక్షన్లయితే బొడ్డు చుట్టూ పొడుస్తారు, ఈ టైములో అవన్నీ ఎందుకు, రేపు చూద్దాం అన్నారు. నాకూ అదే నయమనిపించింది.

5 ఆగస్టు

ఎడం చేత్తో రాస్తున్నా. చెయ్యి బూరెలా పొంగింది. టైపు క్లాసుకి వెళ్ళలేదు.

అదే రోజు, మూడు గంటలకి

జ్వరం. బిడ్డ పొద్దుటినుంచి కదల్లేదు.

7 ఆగస్టు. నందిగామ, ఆసుపత్రి

ఇంకా ఎడం చెయ్యే. అక్షరాలు ఒకటో క్లాసు పిల్లల రాతలా ఉన్నాయి. అయినా రాయాలి.

మొన్న జ్వరం చూసి ఆయన కారు మాట్లాడి తీసుకొచ్చారు. అత్తయ్యగారూ వచ్చారు. డాక్టర్ ప్రేమకుమారిగారు చేతి సంగతి తర్వాత అంటూ ముందు పొట్టమీద మిషన్ పెట్టారు. గుర్రం పరిగెత్తినట్టు చప్పుడు. నా బిడ్డ గుండె! జ్వరానికి కాస్త జోరుగా కొట్టుకుంటోంది కానీ బాగానే ఉందన్నారు. ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత చెయ్యి చూశారు. పిల్లి పళ్ళు సూదుల్లాంటివట. పైకి చుక్కే కనపడుతుంది, క్రిములు మాత్రం లోతుగా దిగిపోతాయట. సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. కడుపుతో ఉన్నవాళ్ళకి పనికొచ్చేదేనట. అది అయ్యాక రేబిస్ మాటెత్తారు. వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు.

ఆయన తటపటాయించారు. బిడ్డకేమన్నా అవుతుందేమోనండీ, పిల్లిని పదిరోజులు చూసి అప్పుడు వేయిద్దామా అన్నారు.

"పిల్లి ఏదండీ?" అన్నారు డాక్టరుగారు.

పిల్లి లేదు. ఆదివారం సాయంత్రానికే పిల్లల్ని నోట కరుచుకుని మకాం మార్చేసింది.

"ఆ జబ్బు వచ్చాక నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా మందు లేదు. ఇది చేతికేసే ఇంజెక్షనండీ, పొట్టమీద కాదు. బిడ్డకేం కాదు."

అప్పుడు అత్తయ్యగారు నోరు విప్పారు.

"ఒరేయ్ దత్తూ, మీ మైథిలి పిన్నిని నువ్వు చూళ్ళేదు."

మైథిలి ఆవిడ చెల్లెలట. పెనుగంచిప్రోలు ఇచ్చారట. ఐదో నెలలో కుక్క కరిచింది. పొట్టలో సూదులు పొడిస్తే బిడ్డ పోతుందని పెద్దవాళ్ళు భయపడి పసరు పోయించారు. గాయం మానింది. అందరూ మర్చిపోయారు. ఏడో నెలలో ఒకరోజు గ్లాసుతో నీళ్ళిస్తే విసిరికొట్టింది. అంతే. కరవగానే సబ్బుతో బాగా కడిగి ఉంటే కొంతైనా మేలు జరిగేదని ఆ తర్వాత ఎవరో డాక్టరు చెప్పాడట.

"బిడ్డ కోసమని ఆపారు. బిడ్డా దక్కలేదు, అదీ దక్కలేదు. ఆదివారమే చెప్పాల్సింది. నోరు రాలేదురా."

ఏడవలేదు. కొంగు సర్దుకుని డాక్టరుగారికేసి తిరిగి, "మొదలెట్టండమ్మా" అన్నారు.

మొదటి ఇంజెక్షన్ అప్పుడే అయింది. గాయం చుట్టూ ఇచ్చే మందు ఇక్కడ లేకపోతే, నిన్న ఆయన బెజవాడ వెళ్ళి ఐసు నింపిన ఫ్లాస్కులో తెచ్చారు. కంచికచర్ల దగ్గర బస్సు చెడిపోయిందట. లారీ ఎక్కి వచ్చారట. ఐసు కరిగిపోతోందని బస్సు డ్రైవర్ని తిట్టారట. ఆయన! కూరలో ఉప్పు లేకపోయినా నోరెత్తని మనిషి.

ఆ సూది మాత్రం నరకం. వాచిన చేతిలోకే గుచ్చారు. అమ్మా అని అరిచాను.

"ఇక్కడే ఉన్నా" అన్నారు అత్తయ్యగారు.

8 ఆగస్టు

తన్నింది! లేదా తన్నాడు. ఏదైతేనేం. ఇడ్లీ తింటుంటే, రెండుసార్లు.

11 ఆగస్టు. జగ్గయ్యపేట

ఇంటికొచ్చేశాం. వాపు తీసింది. చర్మం ఉల్లిపొరలా ఊడుతోంది. చేతికి కట్టుంది కాబట్టి అత్తయ్యగారే చారన్నం కలిపి పెడుతున్నారు. ఒక్క ముద్ద వదిలినా ఊరుకోరు. కట్టు ఇంకో వారం ఉన్నా నాకేం అభ్యంతరం లేదు.

పిల్లి దొరికింది. ఏడిళ్ళు మారుస్తుందంటారు కానీ ఇది బద్ధకస్తురాలు, పక్కింటితో ఆగిపోయింది. రజియాబీ వాళ్ళ అటక మీద, చిరిగిన పరుపులో. ఆయన ఫ్యాక్టరీ నుంచి పాల ప్యాకెట్‌తో నేరుగా అక్కడికే వెళుతున్నారు. మీ ఆయనకి పెళ్ళాం మీద కన్నా పిల్లి మీదే ప్రేమెక్కువైందమ్మాయ్ అని రజియాబీ ఒకటే నవ్వు.

ఎలా ఉంది అని అడిగాను.

"పాలు తాగింది" అన్నారు. చెప్పులు విప్పుతూ, "నీళ్ళు కూడా తాగింది" అన్నారు.

18 ఆగస్టు

పిల్లి నిక్షేపంగా ఉంది. పిల్లలు కళ్ళు తెరిచాయి. ఇక కావాలంటే మిగిలిన ఇంజెక్షన్లు ఆపేయచ్చని డాక్టరుగారు ఫోన్‌లో చెప్పారు.

"పిల్లి సంగతి పిల్లిది, మన సంగతి మనది" అన్నారు అత్తయ్యగారు.

వేయించుకుంటాను. ఆ సూది నాకు అక్కర్లేకపోయినా ఆవిడకి కావాలి.

2 సెప్టెంబరు

కుడి చేత్తో! ఆఖరి ఇంజెక్షన్ అయిపోయింది. నేనూ అత్తయ్యగారే వెళ్ళాం. వచ్చేటప్పుడు నందిగామ బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాం. కడుపుతో ఉన్నవాళ్ళు తినకూడదని చెప్పింది ఆవిడే, రెండో ప్లేటు తెమ్మన్నదీ ఆవిడే.

బస్సు కోసం చూస్తూ మైథిలి గురించి చెప్పారు. పోయిన సంగతి కాదు. సైకిలు నేర్చుకుంటూ తెలుగు మేష్టారి మీదకి ఎక్కించిందట. ఆయన పంచె చైనులో ఇరుక్కుపోయిందట. చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేక ఆవిడ, వింటూ వింటూ నేను. బస్సు వెళ్ళిపోయింది. చూసుకోలేదు.

16 అక్టోబరు, పొద్దున. నందిగామ, ఆసుపత్రి

ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం.

పిల్ల నిద్రపోతోంది. కుర్చీలో అత్తయ్యగారూ నిద్రపోతున్నారు, నోరు కొంచెం తెరుచుకుని. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నిద్రపోతుండగా నేను చూడలేదు. ఇద్దరి మొహాలూ ఒకే వయసువాళ్ళవిలా ఉన్నాయి.

నర్సు వస్తే సైగ చేశాను, లేపొద్దని.