అమ్మ బుట్ట నింపింది

ప్రియమైన యశక్కకు,

ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. నిన్న తమ్ముడు హర్షను జైల్లో చూసి వచ్చాను.

పక్కింటి హులిగప్ప కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద వాడు పైపుతో నీళ్లు పట్టడం, అడ్డమొచ్చిన హులిగప్ప చెయ్యి పారతో విరగ్గొట్టడం నీకు తెలిసినవే. మిరపకాయలు మండుతున్నాయని, ఆర్పమని చెవిలో ఎవరో చెప్పారట. ఇన్నేళ్లుగా వాడొక్కడికే వినిపించేవాళ్లే ఆ రోజూ మాట్లాడారు. మధ్యాహ్నం పోలీసులు ఇంటికొచ్చి పట్టుకుపోయారు.

ఇప్పుడు వాడు శుభ్రంగా ఉన్నాడక్కా. జుట్టు కత్తిరించారు, గోళ్లు తీశారు. అదే నన్ను భయపెట్టింది. "ఎలా ఉన్నావురా?" అంటే పక్కనున్న వార్డరు ముఖం చూశాడు. ఆయన తలూపాకే "బాగుండా" అన్నాడు.

"శానా ఒళ్ళే మనిషి మేడమ్, మంచోడు," అన్నాడు వార్డరు. "మొదట్లో గలాటా చేస్తాండె. ఇప్పుడు నిలబడంటే నిలబడతాడు. మళ్లా చెప్పేదాకా కూకోడు." నవ్వుతూ అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే. ఏ మాత్రలు ఇస్తున్నారని అడిగితే, "నిద్రకు" అన్నాడు.

వాడిని ఆస్పత్రికి మార్చమని ఇంటివాళ్లు అర్జీ పెట్టుకోవచ్చని లాయరు చెప్పాడు. వాడు అమ్మ దగ్గరే ఉండేవాడు కాబట్టి అమ్మ సంతకం ఉంటే మంచిదన్నాడు. అక్కణ్ణుంచి నేరుగా అమ్మ దగ్గరికి రూపనగుడి బస్సెక్కాను. అమ్మ కాగితం ముట్టుకోలేదు.

"ఎందుకే పాపా కదిలిస్తావు? యాడుండాడో తెలస్తాండాది. వేళకు ఇంత తింటాండాడు. ఆ తల్లి చూపిచ్చిన జాగా అది. మంగళారం హులిగెమ్మ తల్లికి బుట్ట నింపుతాండా, నువ్వూ రా."

జోగమ్మలను ఇంటికి పిలిచి, వాళ్లు మోసుకొచ్చే అమ్మవారి బుట్టను హోళిగలతో, అన్నంతో నింపి మొక్కు తీర్చుకోవడం మన ఊళ్లో మామూలే. పెళ్లి కుదిరితే నింపుతారు, కొడుకు పుడితే నింపుతారు. కొడుకు జైలుకు పోయినందుకు నింపినవాళ్లను నేనెక్కడా చూడలేదు. "దండం పెట్టుకోవడానికి నీకు ఇంతకంటే మంచి సంగతి దొరకలేదా అమ్మా?" అని అరిచేశాను. అమ్మ బియ్యం చెరుగుతూనే ఉంది.

తిరిగొస్తుంటే బస్టాండులో హులిగప్ప ఆపాడు. కట్టు ఇంకా విప్పలేదు. "జబ్బోడే, ఒప్పుకుంటా. మళ్లా పక్కింట్లోకే వస్తే నా పిల్లోల్లను యాడ దాచిపెట్టుకోవల్ల, నువ్వే చెప్పక్కా," అన్నాడు. జబ్బు చేసిన మనిషికి జైలేమిటని కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ఎంత ధైర్యంగా అంటానో! అతని కట్టు వంక చూస్తూ బస్సెక్కేశాను. నేను చేస్తున్నది న్యాయమో మొండితనమో తెలియడం లేదు. అయినా అమ్మ సంతకం పెట్టకపోతే నేనే పెడతాను. కోపగించుకోకు.

నీ మనూ

*

అక్కా,

నీ జవాబు అందింది. అమ్మను నొప్పించవద్దన్నావు. నొప్పించాలనే కాగితాలు పట్టుకుని మంగళవారం వెళ్లాను, నిజం చెబుతున్నాను.

వసారాలో జోగమ్మలు భోజనాలకు కూర్చున్నారు. దేవుడి గదిలో అమ్మ ఒక్కతే బుట్ట ముందు వంగి అన్నం పెడుతోంది. నేను వెనక నిలబడ్డది చూడలేదు. పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

"నీ మేలు మర్సిపోను తల్లీ. ఆ పొద్దు మిరపచేనికి కొట్టే మందు నా చేత్తోనే అన్నంలో కలిపినా. వాని ముందర పెట్టినా. ముద్ద ఎత్తకముందే పోలీసోళ్లను పంపిస్తివి. వాడు బతికిపాయ. నేను తల్లిగా మిగిలితి."

గుమ్మం పట్టుకున్నాను. అమ్మ తిరిగి చూసింది. కంగారు పడలేదు.

"వింటివా?" అంది. "ఆ పొద్దు పార మీద నెత్తురు చూస్తి. రేపు వీడు ఎవరినన్నా సంపితే ఎట్ల అనుకుంటి. అంతే, ఇంగేమీ తెలీలే." చేతికంటిన మెతుకులు కొంగుకు తుడుచుకుంది. "జైల్లో వాన్నేం చేస్తాండారో నేను అడగను, నువ్వు చెప్పొద్దు. ఆస్పత్రికంటావా, పంపు. ఇంటికి మాత్రం తేవద్దే. వాన్ని జూసి కాదు, నన్ను జూసి భయం నాకు."

ఏం చేయాలో తెలియక ఆ బుట్టకు నేనూ మొక్కాను. నమ్మి మొక్కానో, అమ్మ కళ్లలోకి చూడలేక తల వంచానో చెప్పలేను.

అమ్మ సంతకం పెట్టింది. కిందనే ఇంకో గడి ఉంది: చికిత్స అయ్యాక ఇతను ఎవరి దగ్గర ఉంటాడు? అమ్మ పెన్ను నాకిచ్చేసి జోగమ్మలకు మజ్జిగ పోయడానికి లేచింది. బళ్లారిలోని మా ఇంటి చిరునామా రాశాను.

ఇంటికొచ్చి చూపిస్తే మీ మరిది జగదీశ్ రెండుసార్లు చదివాడు. కాసేపటికి వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. కుర్చీ ఎక్కి కత్తిపీటను అటక మీదికి జరుపుతున్నాడు.

"వాడింకా రాలేదు కదండీ," అన్నాను.

అంటూనే, కుర్చీ ఊగకుండా రెండు చేతులా పట్టుకున్నాను.

మనోజ్ఞ