ఎడమచేతి ఒర

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే ఇప్పుడు నేనూ, రోజూ నన్ను తిట్టే మీ పిన్నీ.

అడిగినవాటికి ముందు జవాబులు. భోజనం వేళకే చేస్తున్నాను. మోకాలి నొప్పి తగ్గింది. అమ్మ బట్టలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. తొందర లేదని నువ్వే రాశావు కదా. ఒర సంగతి మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను.

అటవీశాఖవాళ్ళిచ్చిన ఒర కుడిచేతివాళ్ళదనీ, పిస్తోలు తియ్యాలంటే ఎడమచెయ్యి పొట్ట మీదుగా మెలితిప్పాల్సి వస్తోందనీ రాశావు. నువ్వు అడవి కాపలాకు వెళ్ళేలోగా ఎడమవైపు కట్టుకొనేది చేసిస్తానని గొప్పగా చెప్పాను. పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి, తోలు పని ఎరగను. మీ పిన్ని తన సంచుల దుకాణంలో ఒక మూల బల్ల ఇచ్చింది. నువ్వు పంపిన కొలతలకు వడ్రంగి కర్రతో పిస్తోలు చెక్కిచ్చాడు.

మొదటిసారి అట్ట నమూనాను తోలు గరుకువైపు పెట్టి గీశాను. కోసి, కుట్టి, నడుముకు పెట్టుకొని చూపించాను. పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది.

"చాలా బాగుంది బావా. ఇక అమ్మాయిని చెయ్యి మార్చుకోమని రాసెయ్యండి."

గరుకువైపు గీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి.

రెండోది ఎడమచేతికే వచ్చింది. ఇక తడపాలి. ఇది నువ్వు చూడాల్సిందమ్మా. నీళ్ళలో ముంచిన తోలు ఊపిరి విడిచినట్టు బుడగలు వదులుతుంది. కర్ర పిస్తోలు లోపల పెట్టి పైనుంచి వేళ్ళతో నొక్కుతూ పోతే ఒక్కొక్క అంచూ పైకి తేలి వస్తుంది. ఆరాక కర్ర తీసేసినా ఆ ఆకారం చెదరదు. ఎక్కడో గడ్డి మేసి, వానలో తడిసిన పశువు చర్మం నా వేళ్ళ కింద కొత్తది నేర్చుకుంటోంది.

నొక్కే ముందు పిన్ని, "ఉంగరం తీసి పక్కన పెట్టండి బావా," అంది. వినపడనట్టు నొక్కడం మొదలుపెట్టాను.

ఆరాక చూస్తే ట్రిగ్గర్ దగ్గర ఉంగరం ఒత్తుకొని పల్లం పడింది. బయట పల్లమంటే లోపల బొడిపె. పిన్ని లోపలికి వేలు పెట్టి చూసి, ఒరను బల్ల మీద పెట్టేసింది.

"పిస్తోలు దూర్చేటప్పుడు ఇది ట్రిగ్గర్‌కి తగిలిందంటే పిల్ల తొడలోకే పేలుతుంది."

"మళ్ళీ తడిపితే?"

"ఎంత సర్దినా నేను నమ్మను. ఇంకొక్కదానికి సరిపడా తోలుంది. పరీక్షకి మూడోసారి కూర్చోండి, మాస్టారూ."

నీకు చెప్పాలా వద్దా అని ఇంతసేపూ దాటవేసిన సంగతి ఇదీ. ఉంగరం తీశాను. అమ్మ తొడిగాక ఎన్నడూ తియ్యలేదు. తను పోయాక మరీను. దుకాణం వెనక కుళాయి దగ్గర సబ్బు రాసి తిప్పాను. కణుపు దగ్గర కాసేపు ఆగి, వచ్చేసింది. ఏమీ జరగలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. వేలి చుట్టూ గాడి మిగిలింది, తెల్లగా, ఎండ ఎరగని పసిపిల్ల ఒంటిలా. ఇన్నేళ్ళూ నా చర్మం కూడా ఒక ఆకారాన్ని పట్టుకొనే ఉంది, నాకే తెలియలేదు. అలాగే చూస్తూ నిలబడిపోయాను. పిన్ని వచ్చి నా వేలు చూసింది. తువ్వాలు చేతికిచ్చి, "తోలు నానిపోతోంది, రండి," అంది.

పంపుతున్నది మూడోది. తలకిందులు చేసి దులిపినా కర్ర పిస్తోలు జారలేదు. ఎడమచేత్తో లాగితే తేలిగ్గా వచ్చింది. పిన్ని లోపలంతా వేలితో తడిమి, ఏ వంకా పెట్టలేదు. నువ్వు మాత్రం ముందు తూటాలన్నీ తీసేసి, ఖాళీ పిస్తోలుతో చూసుకో. సరిగ్గా కూర్చోకపోతే నాన్న చేశాడని మొహమాటపడకు.

ఉంగరం మళ్ళీ తొడుక్కోలేదు, జేబులో ఉంది. ఈ ఒర సరిపడకపోతే తోలు తెప్పించి ఇంకొకటి నొక్కాలి కదా. నీ జవాబు వచ్చేదాకా చెయ్యి సిద్ధంగా ఉంచుకుంటాను.

ఇట్లు,
ఇంకా నేర్చుకుంటున్న
నాన్న