పొగే మా గంట

నాన్నా,

అవనిగడ్డలో ఈరోజు తమ్ముడు నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టాడు. నేను మాత్రం మంగోలియాలో దుప్పట్ల కింద ఉన్నాను. మన ఊళ్లో క్రిస్మస్ పాటలకి తిరిగేటప్పుడే మంకీ క్యాప్ తీయని పాస్టరువి నువ్వు. ఇక్కడి చలి చూస్తే ఒక్క పూటలో పారిపోయేవాడివి.

ఇక్కడ నా సేవలో సగం పొయ్యి రాజెయ్యడమే. ఆదివారం తెల్లారకముందే బొగ్గు మోసుకెళ్లి ప్రార్థన గదిలో వెలిగిస్తాను. గొట్టంలోంచి పొగ కనిపిస్తేనే జనం వస్తారు. నువ్వు వేకువనే రైలుపట్టా ముక్క మీద గంట కొట్టేవాడివే, అలాగన్నమాట. "గంట కొట్టేవాళ్లకి జ్వరం రాకూడదమ్మాయ్" అనేవాడివి.

నాకొచ్చింది. ఈ ఉదయం ఎంత ప్రయత్నించినా లేవలేకపోయాను. రెండు శీతాకాలాల కష్టం నీళ్లపాలైందనుకుంటూ కిటికీలోంచి ప్రార్థన గది వైపు చూశాను.

పొగ వస్తోంది నాన్నా!

వెలిగించింది పక్కింటి మామ్మ. ఎన్నిసార్లు పిలిచినా ఇన్నాళ్లూ ఆ గడప తొక్కని మనిషి, వాళ్లింటి బొగ్గు తెచ్చి మరీ వెలిగించింది. తర్వాత ఉప్పేసిన పాల టీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ? నా పొయ్యి..." అన్నాను.

"నీ పొయ్యేంటి పిల్లా? మన పొయ్యి. పడుకో" అంది.

ఆవిడ అటు వెళ్లగానే ప్రార్థన గదిలో పాట మొదలైంది. ఎత్తుకున్నది నేను కాదు. శ్రుతి కూడా తప్పింది. అయినా చివరిదాకా పాడారు.

నువ్వు చెప్పింది తప్పు నాన్నా. గంట కొట్టేవాళ్లకి ఒక్కసారైనా జ్వరం రావాలి.

నీ అమ్మాయి