రెండు గీతలంటే కుడి

ఏమే,

చేరాను. మూడు రోజులైంది. ఫోన్ చేయమన్నావు. యాభై ఏళ్ళు రంపం మోతలో నానిన చెవులు ఇవి. నువ్వక్కడ అరవాలి, నేనిక్కడ అరవాలి, మన సంసారం నాలుగు వీధులు వినాలి. అందుకే రాస్తున్నా. నువ్వు నేర్పిన అక్షరాలే. వంకరగా ఉంటే తప్పు పంతులమ్మది.

గది మూడో అంతస్తులో. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరున్నర. కొలిచాను. కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీ. చెయ్యి చాపితే వాళ్ళ సబ్బు అందుతుంది. లిఫ్టు అని ఒక ఇనప బీరువా ఉంది. కింద మనుషుల్ని మింగి పైన కక్కుతుంది. నేనెక్కను. మెట్లు యాభై నాలుగు.

మొదటిరోజే ఒక తగువైంది. పక్కగది తలుపు ఏ చెక్కో తెలియక వేలితో కొట్టి చూశాను. డొల్ల. పైన కాగితం అతికించిన అట్ట. లోపలినుంచి ఒకామె తలుపు తీసి "ఎవరు కావాలి?" అంది. "ఎవరూ వద్దు, మీ తలుపు చూస్తున్నా, మోసపోయారు" అన్నాను. మొహం మీదే వేసేసింది. నిజం చెబితే నిష్ఠూరం.

ఊరు మాటకొస్తే, ఇళ్ళన్నీ ఒకే అచ్చులో తీసిన ఇటుకల్లా ఉన్నాయి. ఒకడు పొరపాటున పక్కవాడి ఇంట్లోకి పోయి, భోంచేసి, కాళ్ళు చాపుకుని పడుకున్నా ఎవరికీ అనుమానం రాదు. జనం మాత్రం ఇల్లు తగలబడుతున్నట్టు పరుగెత్తుతారు. నడిచేవాడిని నేనొక్కణ్ణే.

పని బాగుంది. పాత గ్రంథాలయం. నలభై కిటికీలు, అన్నీ పాతకాలం టేకు. ఇంజనీరమ్మ "మేస్త్రి గారూ, ఒక్క మేకు కూడా పడకూడదు, అంతా పాత పద్ధతిలోనే" అంది. ప్రాణం లేచొచ్చింది. ఈ ఊళ్ళో ఒక్కడికీ రాదట. మిషను మేస్త్రి అని ఒకడున్నాడు, కరెంటు రంపం వాడు. ఉలి పట్టుకుంటే చెంచా పట్టుకున్నట్టుంటుంది.

గదికీ పనికీ మధ్య ఏడు మలుపులు. బోర్డులు చదువుకుంటూ కూర్చుంటే పొద్దు గుంకుతుంది. అందుకని మన పద్ధతి పెట్టాను. చెక్క మీద గుర్తు పెట్టినట్టు మలుపు మలుపుకీ గోడ మీద పెన్సిలుతో గీత. నాలుగో మలుపులో రాతిస్తంభం ఉంది, దాని పక్కనే చెప్పులు కుట్టే ఆయన కూర్చుంటాడు. రాయికి పెన్సిలు పట్టలేదు. పాత ఉలి కొసతో గీకాను. నూరేళ్ళయినా చెరగదు.

నువ్వు యూనిఫారాలు కుట్టడం అయిందా? సూదికి దారం ఎక్కించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో. బెట్టు చెయ్యకు.

ఇట్లు,
మేస్త్రి

*

ఏమండోయ్ మేస్త్రి గారూ,

ఉత్తరం అందింది. గది కొలతలు రాశారు, మెట్లు లెక్కబెట్టి రాశారు, పరాయి ఆడమనిషి తలుపు కొట్టిన ఘనకార్యం రాశారు. నేనెలా ఉన్నానని మాత్రం అడగలేదు. మొదట్లో "ప్రియమైన" అని ఒక్క మాట రాస్తే చెయ్యి పడిపోతుందా? నేర్పింది నేనే కదా, ఆ మాట రాదని చెప్పలేరు.

యూనిఫారాలు ఇంకా అరవై ఉన్నాయి. మెడలు కుట్టాలి.

గీతల సంగతి రెండుసార్లు చదివాను. ఏ గీతకు ఏం అర్థమో నాకూ రాయండి. ఊరికే, తెలుసుకుందామని.

ఇంకొక్క మాట, కోప్పడకండి. గది అడ్రసు ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. రోజూ.

మీ,
పంతులమ్మ

*

ఏమే,

చీటీ పెట్టుకోవాలా! మెడలో పలక కూడా కట్టుకోమంటావా? డెబ్భై ఏళ్ళొచ్చాయి. ఎన్ని ఊళ్ళు తిరిగి ఎన్ని ఇళ్ళకు ద్వారబంధాలు నిలబెట్టాను. ఏనాడైనా నీ ఇంటికి కాక వేరే ఇంటికి పోయానా? చీటీ పెట్టుకోను.

గీతలడిగావు. విను. ఒక గీతంటే తిన్నగా పో. రెండు గీతలంటే కుడి. ఇంటూ గుర్తంటే ఎడమ. సున్నా అంటే ఇల్లు. మన గది తలుపు మీద మూలకి సున్నా చుట్టాను. ఇంతకన్నా తేలిక ఏముంటుంది? ఈ ఊరివాళ్ళు చేతిలో ఫోన్ పెట్టుకుని అదేపనిగా దాన్నే అడుగుతారు. నిన్న ఒకడు ఫోన్ చూసుకుంటూ వచ్చి చెత్తకుండీని గుద్దుకుని దానికే సారీ చెప్పాడు.

కిటికీలు పంతొమ్మిది అయ్యాయి. ఇంజనీరమ్మ ఒక రెక్క పట్టుకుని వేసి తీసి, వేసి తీసి, "చప్పుడే లేదు మేస్త్రి గారూ" అంది. "చప్పుడు చేసేవాడు తలుపు చేయలేడమ్మా" అన్నాను. మిషను మేస్త్రి పక్కకి తిరిగి నవ్వాడు. నవ్వనీ.

నువ్వెలా ఉన్నావు? అడిగాను. సరిపోయిందా?

ఇట్లు,
మేస్త్రి

*

ఏమే,

నీ జవాబు రాకముందే రాస్తున్నా. వేరేవాళ్ళు చెబితే గాభరా పడతావని.

మొన్న పని అయ్యాక గదికి రావడం కాస్త ఆలస్యమైంది. ఏం కాలేదు. ఆ రాతిస్తంభం దగ్గర నా గుర్తు మీద ఎవడో సున్నం కొట్టాడు. గుర్తు లేకపోతే ఎవడైనా ఏం చేస్తాడు? అటూ ఇటూ తిరిగాను. చెప్పులు కుట్టే ఆయన నన్ను చూసి "పెద్దాయనా, నా ముందునుంచి పోవడం ఇది ఏడోసారి. చెప్పులు అరిగితే నాకు లాభమే, కానీ కాళ్ళు అరిగితే నేను కుట్టలేను" అన్నాడు. వేళాకోళం మనిషి. "ఎక్కడ ఉంటారు?" అన్నాడు. చెప్పాను. అంటే, మూడో అంతస్తు అని చెప్పాను, సున్నా ఉన్న తలుపు అని చెప్పాను. ఆయన పెట్టె మూసి నాతో నాలుగు వీధులు తిరిగి, గది చూపించి పోయాడు. తప్పు సున్నం కొట్టినవాడిది.

పనిలో కూడా చిరాకు. చెక్క కొసన చెక్కిన కుసి ఏ బెజ్జంలోకి పోవాలో తెలియడానికి రెండింటి మీదా ఒకే గుర్తు పెడతాం కదా, జత గుర్తు. ఇరవై ఏడో కిటికీకి చూస్తే నాలుగు చెక్కల మీద ఒకే గుర్తు ఉంది. నేను పెట్టలేదు. మిషను మేస్త్రి పనే అయ్యుంటుందని నలుగురిలో కడిగేశాను. వాడు నోరెత్తలేదు. తప్పు చేసినవాడు కాకపోతే నోరెందుకు ఎత్తడు?

మన అమ్మాయికి ఈ సంగతులు చెప్పకు.

ఇట్లు,
మేస్త్రి

*

ఏమండీ,

వేళాకోళాలు లేకుండా ఒక్కటే అడుగుతాను.

మీ మొదటి ఉత్తరం నా ముందే ఉంది. రాతిస్తంభం మీద ఉలితో గీకానని, నూరేళ్ళయినా చెరగదని మీ చేత్తో మీరే రాశారు. ఉలితో గీకిన గీత సున్నం కొడితే పోతుందా? గాడిలో పడి ఇంకా తెల్లగా కనపడదూ? అసలు రాతిస్తంభానికి సున్నం ఎవరు కొడతారండీ?

నేను దర్జీదాన్ని. సుద్దగీత దులిపితే పోతుంది, కత్తెర గాటు పోదు. ఆ తేడా నాకు తెలుసు. మీకు ఇంకా బాగా తెలుసు.

నాతో అబద్ధం ఆడటం మీకు చేతకాదు. ఏం జరిగిందో రాయండి. జవాబు వచ్చేదాకా నా మిషను నడవదు.

మీ,
నేను

*

ఏమే,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

ఎవడూ సున్నం కొట్టలేదు. స్తంభం అలాగే ఉంది. గుర్తు అలాగే ఉంది. రెండు గీతలు, నేను గీకినవే, నా ఉలి వాటం నాకు తెలుసు. దాని ముందు నిలబడ్డాను. వేలు పెట్టి తడిమాను. రెండు గీతలు. కానీ రెండు గీతలంటే ఏమిటో తెలియలేదే. కుడివైపా, ఎడమవైపా, తిన్నగానా. కొత్తగా పలక పట్టినవాడి ముందు అక్షరం పెట్టినట్టుంది. గుర్తు పెట్టినవాణ్ణి నేనే, నాకే తెలియలేదు. ఏడుసార్లు పోయి ఏడుసార్లు అక్కడికే వచ్చాను. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగను? నా గీతకు అర్థం చెప్పండి అని అడగనా?

మర్నాడు పొద్దున్న లేచేసరికి అన్నీ గుర్తున్నాయి. నవ్వొచ్చింది. మళ్ళీ నిన్న పోయాయి. ఎప్పుడు పోతాయో ఎప్పుడు వస్తాయో తెలియడం లేదు. అదే భయం. పోయినవి పోయినట్టే ఉంటే ఒక ఏడుపుతో సరి. ఇది దొంగ మన ఇంట్లోనే కాపురం ఉన్నట్టుంది.

ఆ నాలుగు గుర్తులూ నేను పెట్టినవే. మిషను మేస్త్రి రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడట, పెద్దవాణ్ణని అనలేకపోయాడట. నేను నలుగురిలో తిడితే నోరు మూసుకుని పడ్డాడు. నిన్న వాడి దగ్గరికి పోయి "తప్పు నాదిరా" అన్నాను. "ఉలి పట్టడం నేర్పించండి, చెల్లు" అన్నాడు. అప్పటినుంచి గుర్తులు వాడు పెడుతున్నాడు, కోత నేను కోస్తున్నా. చేతులకి మాత్రం ఏమీ కాలేదే. ఉలి పట్టుకుంటే చాలు, నాతో పనిలేకుండా అవే పోతాయి. బుర్ర ఎక్కడికి పోయినా చేతులు పనిలోనే ఉంటాయి.

ఇంకా పదకొండు కిటికీలు. సగంలో వదిలేసి వచ్చాడని అనిపించుకోను. ఇంజనీరమ్మకు తెలిస్తే బండెక్కించి పంపేస్తుంది. చెప్పలేదు. నువ్వు రావద్దు. నన్నిలా చూడొద్దు. నేనే వస్తా, పని ముగించి, నా కాళ్ళతో.

చీటీ జేబులో పెట్టుకుంటున్నా.

ఇట్లు,
మేస్త్రి

*

ఏమండీ,

మీరు రాసింది నాకు కొత్త కాదు. ఏడాది కింద నుంచి తెలుసు.

వంటగది గడప పక్కన, మోకాలి ఎత్తులో, రెండు గీతలున్నాయి. స్నానాలగది తలుపు మీద ఇంటూ గుర్తుంది. మంచం పక్కన గోడ మీద ఒక గీత. మన పడకగది తలుపు మూలకి సున్నా. నలభై ఏళ్ళు తిరిగిన ఇంట్లో, మీ చేత్తో మీరే ద్వారబంధాలు నిలబెట్టిన ఇంట్లో, పెన్సిలు గీతలు. కొత్త ఊరు కాబట్టి గీతలు పెట్టానని రాశారు. ఇల్లు ఎప్పుడు కొత్తదైందండీ మీకు?

మొదట్లో నాకు తెలియలేదు. ఏ కొలతకో గీశారనుకుని వంటగది గీతను తడిగుడ్డతో తుడిచేశాను. ఆ రోజు మీరు పెరట్లో గంటసేపు నిలబడ్డారు. "ఏం చేస్తున్నారు?" అంటే "పిట్టల్ని చూస్తున్నా" అన్నారు. ఒక్క పిట్ట లేదు. సాయంత్రం చూస్తే గీత మళ్ళీ ఉంది. అప్పుడర్థమైంది. అప్పటినుంచి ఇల్లు ఊడ్చినా గోడ తుడిచినా వాటి జోలికి పోలేదు. మీ గీతలు వదిలి చుట్టూ తుడిచాను.

మరి ఎందుకు పంపానంటారా? ఆ ఇంజనీరమ్మ అడిగినప్పుడు మీ మొహంలో వెలుగు చూశాను. "ఇంకా పనికొస్తాను చూశావా" అన్నట్టు నావైపు తిరిగారు. వద్దని ఎలా అనను? వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే మీరు విరిగిపోతారు. అందుకే గీతల అర్థం రాయమన్నాను. ఊరికే కాదు. మీ దగ్గర పోతే నా దగ్గర ఉండాలని.

చూసుకోండి: ఒక గీత తిన్నగా. రెండు గీతలు కుడి. ఇంటూ ఎడమ. సున్నా ఇల్లు. దీన్ని కత్తిరించి చీటీతో పాటు జేబులో పెట్టుకోండి. మళ్ళీ పోతే మళ్ళీ చదువుకోండి. అందులో సిగ్గేముంది? నేనూ పాత కొలతలు పుస్తకం చూసే కుడతాను.

రావద్దన్నారు. వస్తున్నాను. మిగిలిన మెడలు పక్కింటి ఆమెకు ఒప్పజెప్పాను. గురువారం మధ్యాహ్నం బండికి దిగుతాను. పదకొండు కిటికీలూ మీరే పూర్తి చేస్తారు, నేను పక్కన కూర్చుంటాను. ఇంజనీరమ్మకు మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. మీరు మాత్రం స్టేషనుకు రాకండి. గదిలోనే ఉండండి. దారి నేను కనుక్కుంటాను.

మీ,
పంతులమ్మ

*

ప్రియమైన నీకు,

చెయ్యి పడిపోలేదు.

ఈ కాగితం నీకిచ్చినాయన చెప్పులు కుట్టే ఆయన. స్టేషను దగ్గర నిన్ను పోల్చుకోమన్నాను. "ఎలా ఉంటుంది?" అంటే "మెడలో టేపు వేసుకుని, ఎవరినో ఒకరిని సరిదిద్దుతూ ఉంటుంది" అన్నాను. పోల్చుకున్నాడా లేదా?

ఇంజనీరమ్మకు చెప్పాను. బండెక్కిస్తుందనుకున్నా. నేను చేసిన ఒక రెక్క వేసి తీసి చూసింది. ఆ తర్వాత "మీ గుర్తులు నేను కూడా చూసుకుంటాను, కోయడానికి మాత్రం మీరే కావాలి" అంది. తొమ్మిది కిటికీలు మిగిలాయి.

నిన్న ఈయన్ని వెంటబెట్టుకుని స్టేషను దాకా పోయాను. అక్కడినుంచి గదిదాకా మలుపు మలుపుకీ గీతలు పెట్టుకుంటూ వచ్చాను. మధ్యలో రెండుసార్లు ఆగి నీ కాగితం తీసి చదువుకున్నా. చదివి, చూసి, గీశాను. ఒక్కటీ తప్పు లేదు, ఈయన్ని అడుగు.

ఈయన నీ వెనకాలే వస్తాడు, ముందు నడవడు. అలాగని ఒట్టు వేయించుకున్నా. దారి నువ్వే చూసుకుంటూ రా. ఇది జత గుర్తు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర.

లిఫ్టు ఎక్కకు. మెట్లు యాభై నాలుగు, మధ్యలో రెండుసార్లు కూర్చో.

నువ్వు చెప్పినట్టే గదిలో ఉన్నా. పెళ్ళయ్యాక నీ మాట వినడం ఇదే మొదలు. సున్నా ఉన్న తలుపు మనది. తీసే ఉంటుంది.

ఇట్లు,
నీ మేస్త్రి