నాలుగు నాబ్‌లు

మే 2
ఈయనకి ఐదు వారాల సెలవు. ఫ్రిజ్ తలుపు మీద లిస్ట్ అతికించారు. హాలుకి పెయింటు, వంటగది సర్దడం, పెరటి మెట్లు, తోటలో బాట, రెండు పిక్నిక్‌లు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఈ ఇంట్లో ఉండేది మనుషులా, ఆయన డ్రిల్లింగ్ మెషీనా?

మే 4, ఉదయం 7
పెయింటు కోసమని సామానంతా జరిపేశారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. కారణం ఈయనకి చెప్పలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

అత్తయ్యకి చూపు పోయింది. వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పిన రోజే నా చేత ఒట్టు వేయించుకుంది. కొడుక్కి తెలిస్తే స్టవ్ దగ్గరికి రానివ్వడట, తోటలోకి పోనివ్వడట, బొమ్మలా కుర్చీలో కూర్చోబెడతాడట. కాదనలేకపోయాను. ఏడాదిగా ఆమెకి ఈ ఇల్లు అడుగుల్లో ఉంది. మంచం నుంచి తలుపుకి ఆరు. అక్కణ్ణించి స్టవ్‌కి పదకొండు. పెరట్లోకి మూడు మెట్లు, ఆపైన టొమాటో మడికి ఇరవై రెండు.

ఇప్పుడు సోఫా ఎక్కడుందో నాకే తెలియదు.

మే 9
ఫ్రిజ్ కూడా జరిపారు. అత్తయ్యకి ఆ ఫ్రిజ్ మూలే గుర్తు. చెయ్యి దానికి తగిలితే కుడికి తిరగాలి. దారి విశాలంగా ఉండాలని జరిపానన్నారు. ఎవరికట? ఇంట్లో ఏనుగులు తిరుగుతున్నాయా? ఆయన బజారుకి వెళ్ళగానే అత్తయ్య చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టించాను. పన్నెండుసార్లు. నేను పనిచేసే క్లినిక్‌కి లేటయింది, అక్కడ డాక్టరమ్మ చేత తిట్లు.

మే 10
ప్లేటు పగిలింది. నేనే పగలగొట్టానని చెప్పాను. ఈ వారంలో ఇది మూడోది.

మే 15
పిక్నిక్. చెరువు గట్టున కూర్చున్నాం. అత్తయ్య పడవలు ఎంత బాగున్నాయో అంది. చెరువులో ఒక్క పడవా లేదు. మా ఏడేళ్ళ పాప పకపకా నవ్వబోతే తొడపాశం పెట్టాను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఈయనేమో నీళ్ళకేసి చూస్తూ, అవునమ్మా, పడవలు బాగున్నాయి అన్నారు. మనిషి చెవులు కూడా ఇంట్లో వదిలేసి వచ్చాడు!

మే 23
క్లినిక్ నుంచి వచ్చేసరికి పెరటి మెట్లు కనబడలేదు. వాటి మీద చెక్కలతో వాలుగా ర్యాంపు, పక్కన రైలింగు. బాట వెడల్పు చేయాలని టొమాటో మొక్కలు పీకి గోడ పక్కన నాటారు. అత్తయ్య విత్తనం నుంచి పెంచుకున్న మొక్కలు. కళ్ళ ముందే అన్నీ వాడిపోయాయి. నేను అన్నం తినకుండా పడుకున్నాను.

మే 24, మధ్యాహ్నం 3
అత్తయ్య పడింది. మెట్టు ఉందనుకుని కాలు దించింది. ఎడమ మణికట్టు విరిగింది.

ఆస్పత్రి వరండాలో నా నోరు ఆగలేదు. మీ అమ్మకి కళ్ళు కనబడవు, మీకు పెయింటు తప్ప ఏమీ కనబడదు అని అరిచేశాను. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది.

ఈయన తెలుసు అన్నారు.

ఆర్నెల్ల క్రితమే బీరువాలో కళ్ళ డాక్టరు రిపోర్టు చూశారట. అమ్మ దాచుకుంటోంది కదా, తెలిసినట్టు కనబడితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నారట. లిస్టంతా ఆమె కోసమేనట.

జాలి పడాలేమో. నాకు కోపం రెట్టింపయింది. నేనొక పక్క దాచాను, ఆయనొక పక్క దాచారు, ఎముక మాత్రం ఆవిడది విరిగింది. నీకేం కావాలి అని ఆవిడని ఎవరం అడిగాం?

మే 25
సరిగ్గా ఆమె చెప్పినట్టే జరిగింది. ఈయన స్టవ్ నాబ్‌లు నాలుగూ పీకి జేబులో వేసుకున్నారు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే వంటట. కుర్చీ కిటికీ పక్కన వేశారు, మెత్తటి దిండుతో సహా. అత్తయ్య అందులో కూర్చోలేదు. నాతో మాట్లాడటం లేదు. ఒట్టు తప్పాను కదా.

మే 27
ఇంకా మాట్లాడలేదు. గదిలో పాపా ఆవిడా గుసగుసలు.

మే 28, ఉదయం 6
ఫ్రిజ్ మీద కొత్త లిస్ట్. రాత పాపది, మాటలు అత్తయ్యవి. ఒకటే పని. కొడుకూ కోడలూ కళ్ళకి గుడ్డ కట్టుకుని ఆవిడ మంచం దగ్గర్నుంచి స్టవ్ దాకా నడవాలి.

నడిచాం. ఈయన తాను జరిపిన ఫ్రిజ్‌కే గుద్దుకున్నారు. నేను ఆయనకి గుద్దుకున్నాను. గుడ్డ విప్పొద్దంది అత్తయ్య. జేబులోవి గిన్నెలో వెయ్యమంది.

స్టీలు గిన్నె చప్పుడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి చాలాసేపు పట్టింది.